కొమ్ములోడి కత్తీ, నా స్క్రూడ్రైవరూ

కత్తియుద్ధాల గేములు తయారుచేసే ఉద్యోగాల్లో మన పిల్లలు చేరుతున్నారని విన్నప్పటినుంచి నాకు నోరు ఊరుకోవడం లేదు. నేను గేమ్ ఒక్కటి కూడా తయారు చెయ్యలేదు. నాణెం వేస్తే ఆడే గేమ్ మెషీన్లు బాగుచేశాను, రాయపూర్‌లో, అవి ఊళ్ళోకి వచ్చిన రోజునుంచి పాత ఇనుపసామాన్లోకి పోయిన రోజుదాకా. అయినా సరే, తెర మీద ఒక బొమ్మ ఇంకో బొమ్మని కత్తితో కొడితే ఆడేవాడి ఒంట్లో ఏమవుతుందో నాకు తెలిసినంత ఆ బొమ్మ గీసినవాడికి తెలియదని గట్టిగా చెప్పగలను. ఎందుకంటే నేను మెషీన్ వెనక కూర్చునేవాణ్ణి. తెర నాకు కనపడదు. ఆడేవాళ్ళ మొహాలే కనిపించేవి.

నా పేరు రమణ. మా నాన్న శ్రీకాకుళం జిల్లానుంచి రైలు పట్టాల పనికి వచ్చి ఇక్కడ కుదురుకున్నాడు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, కూరగాయల దగ్గర ఛత్తీస్‌గఢీ, అలా పెరిగాం. రేడియోలూ టీవీలూ విప్పడం నేర్చుకుని ఒక కొట్లో కూర్చుని ఉండగా, పండరీ బట్టల మార్కెట్‌లోని ఒక సేఠ్ నన్ను పిలిపించాడు. చీరల మూటల మధ్య బీరువా అంత పెట్టె ఒకటి నిలబెట్టి ఉంది. బొంబాయిలో ఎవరో వాడి వదిలేసింది. "యే చలేగా క్యా?" అన్నాడు. నడుస్తుందో లేదో చూద్దామని స్విచ్ వేశాను.

అమ్మ బాబోయ్! మంచుకొండలు, కోట, పొడుగాటి ఈటె పట్టుకున్న ఒక ఆడమనిషి, గద మోస్తున్న ఒక లావుపాటి వీరుడు, వాళ్ళ మీదకి కత్తులు దూసుకుంటూ వచ్చే ఎముకల సైన్యం. నేను సేఠ్‌జీకి జవాబు చెప్పడం మర్చిపోయాను. ఆ వారమే టీవీ కొట్టు మానేసి సేఠ్‌జీ దగ్గర చేరిపోయాను. మా ఆవిడ చంకలో చిన్నదాన్ని ఎత్తుకుని, "బొమ్మలాట కోసం ఉద్యోగం మానేస్తారా ఎవరైనా?" అంది. మానేస్తారు. నేనే సాక్ష్యం.

పెట్టె మీద జపాను అక్షరాలేవో ఉండేవి. ఎవరికీ చదవడం రాదు కాబట్టి ఊరంతా దాన్ని తల్వార్ గేమ్ అంది. ఆట చివర కోట బురుజు మీద పొట్టేలు కొమ్ములతో ఒక రాక్షసరాజు నిలబడి ఉంటాడు. హిందీవాళ్ళు వాణ్ణి సింగ్‌వాలా అన్నారు, మనవాళ్ళు కొమ్ములోడు అన్నారు.

పాడైందనుకున్న బొమ్మ

సేఠ్‌జీ అలాంటివి ఇంకొన్ని తెప్పించాక, ఒక మెషీన్ మా రైల్వే కాలనీలో పెట్టించమని ఆయన్ని బతిమాలాను. తెలుగువాళ్ళ హాలుకి ఆనుకుని ఒక గది ఖాళీగా ఉంది. పెట్టించాడు. కొత్తలో నాకు దానిలో ఒక లోపం కనిపించింది. ఈటె శత్రువుకి తగిలినప్పుడల్లా తెర మీది బొమ్మలన్నీ రెప్పపాటు బిగుసుకుపోయి మళ్ళీ కదులుతున్నాయి. ఎక్కడో అతుకు వదులైంది అనుకున్నాను. పొద్దుటినుంచి సాయంత్రందాకా బోర్డు మీది అతుకులన్నీ మళ్ళీ కాల్చాను. ముక్కులోకి పొగ పోవడమే కానీ లోపం పోలేదు.

గౌరి అని, కాలేజీలో చదువుకునే అమ్మాయి, రోజూ వచ్చి ఆడేది. నా అవస్థ చూసి నవ్వింది.

"అన్నా, అది ఖరాబ్ కాదు. జాన్‌బూఝ్‌కే అలా పెట్టారు."

"కావాలని బొమ్మని ఆపుతారా ఎవరైనా?"

"ఆగకపోతే దెబ్బ తగిలినట్టు ఎలా తెలుస్తుంది చెప్పు? ఊరికే గాల్లో ఊపినట్టు ఉండదూ?"

నేను నాణెం వెయ్యకుండా నాణేలపెట్టె తలుపు తీసి ఆట మొదలుపెట్టి, ఎముకల సైన్యంలోని పుర్రెగాడొకణ్ణి పొడిచి చూశాను. నిజమే! ఆ రెప్పపాటులో ఈటె మొన వాడి ఎముకలో దిగబడింది. నా మోచెయ్యి జివ్వుమంది. ఎక్కడో జపానులో కూర్చున్నవాడు గాజుపలక మీది వెలుతురు చుక్కలతో రాయపూర్‌లో ఉన్న నా మోచేతిని ముట్టుకున్నాడు. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో ఇప్పటికీ అంతే సంతోషం, రాస్తుంటే కూడా. మీరు ఎప్పుడైనా ఆటలో కత్తిదెబ్బ పెట్టాల్సి వస్తే ముందు ఈ ఆపడం నేర్చుకోండి.

కాలింగ్ బెల్ నొక్కితే ఈటె తెగలేదు

అసలు విడిభాగాలు రాయపూర్‌లో దొరికేవి కావు. తెలీబంధా చెరువు పక్క కొట్లో ఉన్న మెషీన్‌కి బొత్తాలు అరిగిపోతే, ఇంటి గుమ్మానికి పెట్టుకునే కాలింగ్ బెల్ బొత్తాలు తెచ్చి బిగించాను. కరెంటు చక్కగా పోతోంది, బొమ్మ చక్కగా కొడుతోంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. మర్నాటికి కుర్రాళ్ళంతా నా మీద పడ్డారు. "భయ్యా, భాలా కాట్ నహీ రహా!" ఈటె తెగడం లేదట, మొద్దుబారిందట. తెర మీద తెగుతూనే ఉంది కదా అంటే వినరు.

మీటరు పెట్టి చూసేవాడికి అది దొరకదు. వాళ్ళ వేళ్ళు చూశాక దొరికింది. బెల్ బొత్తాం లోతుగా దిగుతుంది, దిగాక ఎప్పటికో తగులుతుంది, తగిలినట్టు వేలికి తెలియదు. బొత్తాం సగం దిగేసరికే ఆడేవాడి చేతిలో ఊపు చల్లబడిపోతోంది. లోపలి స్ప్రింగు కోసి పొట్టి చేశాను, అడుగున సైకిల్ ట్యూబు ముక్క వేశాను, నొక్కగానే టిక్కుమనేలా డబ్బా రేకు ముక్క ఒకటి వంచి పెట్టాను. ఆ సాయంత్రం మొదట ఆడినవాడు ఒక్క పోటు పొడిచి, వెనక్కి తిరిగి నన్ను కౌగిలించుకున్నాడు. ఇంతకన్నా పెద్ద సన్మానం నాకు ఆ తరవాత జరగలేదు.

సేఠ్‌జీ మీట

మా సేఠ్‌జీ గురించి ఉన్నమాట చెప్పుకోవాలి. మంచివాడే. పండగకి మా పిల్లలకి బట్టలు తప్పేవి కావు. కానీ ఆయనకి బట్ట చింపడం తెలుసు, ఆట తెలియదు. ఒకడు ఒక నాణెంతో చాలాసేపు ఆడితే ఆయనకి కడుపు మండిపోయేది.

మెషీన్ లోపలి బోర్డు మూలన గోరంత మీటల వరుస ఒకటి ఉంటుంది. ఏ మీట పైకి ఉంటే ఆట సులువు, ఏది కిందికి ఉంటే కష్టం అని తయారుచేసినవాళ్ళే అమర్చి పంపుతారు. మెషీన్ కొత్తలో సులువుగా పెట్టి, జనం మరిగాక కష్టం మీదకి దించెయ్యడం ఈ వ్యాపారంలో అందరూ చేసే పనే. సేఠ్‌జీ దించమనేవాడు, నేను దించేవాణ్ణి. తిల్దా స్టేషన్ దగ్గర టీకొట్లో పెట్టిన మెషీన్‌ని అయితే మొదటి రోజే అడుగుకంటా దించేశాం. అక్కడివాళ్ళకి రైలు వచ్చేదాకానే సమయం, ఆలోపు ఒకడు కాదు నలుగురు ఓడాలని ఆయన లెక్క. ఓడి, తిట్టుకుంటూ రైలెక్కేవాళ్ళు. మా కాలనీ మెషీన్‌కి కూడా అలాగే దించాను.

అప్పన్న మాస్టారు

మా కాలనీలో పట్టాల మేస్త్రీగా చేసి దిగిపోయిన అప్పన్న మాస్టారు ఉండేవారు. ఆయన పేరు చెబితే కుక్కలు కూడా పక్కకి తప్పుకునేవి. మా జిల్లాలో కర్రసామునే గరిడీ అంటారు. హాలు ముందు ఖాళీస్థలంలో రోజూ సాయంత్రం ఆయన పిల్లలకి గరిడీ నేర్పేవారు. మెషీన్ వచ్చాక ఒక్కొక్కరే కర్ర పడేసి గదిలోకి జారుకోవడం మొదలుపెట్టారు. అందరికంటే ముందు జారుకున్నది గౌరి. ఆవిడ సాక్షాత్తూ మాస్టారి మనవరాలు. అందరికంటే బాగా కర్ర తిప్పేది కూడా ఆవిడే.

మాస్టారికి ఒళ్ళు మండింది. "ఆదివారం నానొచ్చి సూస్తాను. అదేటో, దాని కతేటో. నచ్చనేదంటే ఆ పెట్టి హాల్లో ఉండదు," అన్నారు. హాలు కమిటీలో ఆయన మాటకి ఎదురు లేదు.

కబురు సేఠ్‌జీకి చేరింది. ఆయన నన్ను పండరీకి పిలిచి తాపీగా చెప్పాడు. "రమణ భాయ్, అక్కడ పెట్టమని అడిగింది నువ్వు. మెషీన్ వాపస్ వస్తే నువ్వు కూడా ఇంటికి వెళ్ళిపో." టీవీ కొట్లో నా స్టూలు మీద అప్పటికే వేరే ఆయన కూర్చున్నాడు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. దానికి తోడు, నిజం చెబుతున్నాను, ఆ ఉద్యోగం అంటే నాకు ప్రాణం.

భుజం లేని యుద్ధం

ఆదివారం మధ్యాహ్నం గది కిక్కిరిసిపోయింది. సేఠ్‌జీ కూడా వచ్చాడు. వస్తూ వస్తూ టెంపో తెచ్చి గుమ్మం ముందు పెట్టించాడు, ఎలాగూ మెషీన్ ఎత్తాల్సి వస్తుందని.

మాస్టారు పంచె బిగించి మెషీన్ ముందు నిలబడ్డారు. వీరుల్లో ఈటె పట్టిన మనిషిని ఎంచుకున్నారు. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు.

"ఆడమనిషైతే ఏటిరా? కర్ర పొడుగ్గా ఉన్నాది, అదీ కావాల," అన్నారు ఆయన వెనక్కి చూడకుండానే.

ఏ బొత్తాం దేనికో గౌరి పక్కన నిలబడి చెప్పింది. ఆట మొదలైంది. మొదటి పుర్రెగాడు వచ్చాడు, నరికాడు, మాస్టారు పోయారు. మళ్ళీ ఆడారు. మళ్ళీ అదే పుర్రెగాడు, అదే నరుకుడు. మూడోసారి కూడా అంతే. ఆయన మెడ నరాలు పొంగాయి.

"ఇది యుద్ధం కాదు!" అని అరిచారు. "ఈడికి భుజం నేదు!"

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన నా వైపు తిరిగి, గాల్లో కర్ర ఉన్నట్టే చెయ్యి ఎత్తి చూపించారు. "ఒరే రమణా, ఎంత మొనగాడైనా కొట్టేముందు భుజం కదల్దా? పాదం తిరగదా? అది సూసే కదా ఎదటోడు కాసుకునేది. గరిడీ అంటే అదే కదరా! ఈడు ఊరికే నిలబడుంటాడు, మరుచ్చణం నా పీక తెగిపోయుంటాది. రోడ్డు మీద గొయ్యి కూడా ఇలాగే తగుల్తాది. దాంతో ఎవడైనా యుద్ధం సేస్తాడేటి? తీసీండి దీన్ని."

సేఠ్‌జీ టెంపో డ్రైవర్ వైపు చూశాడు.

అప్పుడు వెలిగింది నాకు! ఈ మెషీన్ సులువు మీద ఉన్న రోజుల్లో పుర్రెగాడికి భుజం ఉండేది. కత్తి ఎత్తేముందు వెనక్కి వాలేవాడు, భుజం లేచేది, అప్పుడు దెబ్బ. కష్టం మీదకి దించితే ఆ వాలడం, ఆ లేవడం దాటేసి బొమ్మ నేరుగా నరుకుడుకి వచ్చేస్తుంది. నేను రోజూ వెనకనుంచి చూసిన మొహాలు కళ్ళముందు కదిలాయి. కొత్తలో ఓడినవాడు అబ్బా అని నవ్వేవాడు. మీట దించాక ఓడినవాడు తిట్టేవాడు. ఆ రెండింటికీ తేడా ఏమిటో ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు.

"మాస్టారూ, ఒక్క నిమిషం ఆగండి!" అని మెషీన్ వెనక్కి దూరాను. కరెంటు ఆపి వెనక తలుపు తీశాను. స్క్రూడ్రైవర్ మొనతో మీట పైకెత్తబోతుంటే సేఠ్‌జీ వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు.

"అరె, పాగల్ హో గయా క్యా? ఒక్కొక్కడు గంటలకి గంటలు ఆడతాడు!"

"ఆడనివ్వండి సేఠ్‌జీ. మెషీన్ టెంపో ఎక్కితే ఎవడూ ఆడడు కదా."

ఆయన చొక్కా వదల్లేదు. నేను మీట ఎత్తేశాను.

వెనకనుంచి విన్న యుద్ధం

స్విచ్ వేస్తే తెర వెలిగి ఆరిపోయింది. ఏమైందో చూడ్డానికి సేఠ్‌జీ నన్నొదిలి ముందుకి పరుగెత్తాడు. హడావుడిలో బోర్డు అంచుకి పట్టి ఉండే కనెక్టర్ వదులైపోయింది. వేళ్ళతో అదిమి పట్టుకుంటే వెలిగింది, వదిలితే ఆరిపోయింది. కట్టడానికి చేతికి ఏమీ అందలేదు. ఈ పనిలో ఒక నియమం ఉంది. కరెంటున్న పెట్టెలో చెయ్యి పెడితే రెండో చెయ్యి జేబులో ఉండాలి. తెర వెనక ఉండే గాజుగొట్టం దగ్గర రెండు చేతులూ పెట్టినవాళ్ళకి ఏమైందో మా వాళ్ళందరికీ తెలుసు. ఎడమచెయ్యి జేబులో దోపుకుని, కుడిచేత్తో కనెక్టర్ అదిమిపెట్టి, గొంతుక్కూర్చున్నాను.

"ఆడండి మాస్టారూ! తీగ పట్టుకున్నాను, మెషీన్‌ని మాత్రం ఊపకండి!"

మిగతాదంతా నేను విన్నదే. పెట్టెకీ గోడకీ మధ్య సందులోంచి మాస్టారి మొహంలో సగం కనిపిస్తోంది. ఎముకలు గలగలమన్నాయంటే పుర్రెగాడు వచ్చాడు. మాస్టారి కన్ను చిన్నదైంది. "ఎత్తినాడు... భుజం ఎత్తినాడు!" అన్నారు. టిక్. ఈటె ఝుమ్మంది. దెబ్బ తగిలిన ఆ రెప్పపాటు నిశ్శబ్దం. ఎముకలు జలజలా రాలిన చప్పుడు. గదంతా ఒక్క కేక!

అక్కణ్ణించి ఆయన ఆగలేదు. పుర్రెగాళ్ళు ఇద్దరిద్దరుగా వచ్చారు. ఒకణ్ణి పొడిచి, ఈటె వెనకతట్టుతో రెండోవాణ్ణి పడేశారట. ఆ దెబ్బ ఆటలో ఉందని రోజూ ఆడేవాళ్ళకే తెలియదు. తెర మీద బొమ్మ వెనక్కి గెంతితే మాస్టారు కూడా గెంతారు, వెళ్ళి సేఠ్‌జీ కాలు తొక్కారు. సేఠ్‌జీ కెవ్వుమన్నాడు కానీ తెర మీదనుంచి కళ్ళు తిప్పలేదని గౌరి తరవాత చెప్పింది. కోట గుమ్మం కాసే రాతిమనిషి వచ్చాడని ధబధబమనే అడుగుల్ని బట్టి నాకు తెలిసింది.

"తాతా, వాడికి ఎదురుగా వెళ్ళకు! బాజూనుంచి, బాజూనుంచి!" గౌరి అరుస్తోంది.

"తెలుసునే గుంటా, నీకు నేర్పినోణ్ణి నానే!"

రాతిమనిషి కూలిన చప్పుడుకి పెట్టె మొత్తం అదిరింది. నా చెయ్యి తిమ్మిరెక్కి మొద్దుబారిపోయింది. చెమట కంట్లో పడుతోంది, తుడుచుకోవడానికి లేదు. అయినా ఆ పెట్టె వెనక కూర్చుని పళ్ళికిలిస్తున్నాను, పిచ్చివాడిలాగా. ఇంత ఆనందం మళ్ళీ వస్తుందా అనిపించింది.

నగారా మోగింది. కొమ్ములోడి నగారా అది. కత్తీ ఈటే ఒకదాన్నొకటి ఖణేల్‌మని తాకాయి. మాస్టారు పెదవి కొరుకుతున్నారు. ఒక పోటు తగిలింది, రెండోది తగిలింది. కొమ్ములోడు బుసకొట్టాడు. ఇంకొక్కటి చాలు! మాస్టారి కళ్ళలో గెలుపు అప్పుడే వచ్చేసింది, ముందుకి ఒంగారు.

కత్తి దిగిన చప్పుడు. ఈటె నేలమీద పడి దొర్లిన చప్పుడు. ఆట ముగిసినప్పుడు వచ్చే ఆ ఏడుపు పాట.

గుమ్మం దగ్గర టెంపో డ్రైవర్ తల గోక్కున్నాడు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. సందులోంచి చూస్తే మాస్టారు రెండు చేతులూ మెషీన్ మీద ఆనించి, తలొంచుకుని రొప్పుతున్నారు. గరిడీలో ఓడినవాడు గెలిచినవాడి కర్ర ముట్టుకుని కళ్ళకద్దుకోవాలి. ఆయన కుడిచెయ్యి చాపి, తెర మీద కొమ్ములోడి కత్తి ఉన్నచోట గాజుని ముట్టుకుని, ఆ వేళ్ళు కళ్ళకద్దుకున్నారు.

"సెప్పే కొట్టినాడ్రా," అన్నారు. "భుజం ఎత్తినాడు. గెలిసీసినాననుకుని నానే సూణ్ణేదు."

సేఠ్‌జీ వైపు తిరిగారు. "సేఠ్, గాడీ వాపస్ లే జావ్. పెట్టి ఇక్కడే ఉంటాది. గరిడీ అయినాకే ఆట. ఆ మీట మాత్రం ఎవుడూ ముట్టుకోకూడదు."

సేఠ్‌జీ ఏమంటాడా అని సందులోంచి చూశాను. తొక్కిన కాలు ఎత్తి పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి, ఆయన గౌరిని అడుగుతున్నాడు, ఆ వెనకతట్టు దెబ్బకి ఏ బొత్తాం నొక్కాలని.

నాకు కళ్ళంట నీళ్ళు వచ్చేశాయి. తుడుచుకుందామని కనెక్టర్ వదలబోయాను.

"ఒరే రమణా!" మాస్టారి గొంతు ఉరిమింది. నాణెం లోపలికి దొర్లుకుంటూ పోయిన చప్పుడు వినిపించింది. "తీగ ఒగ్గీకురా! ఇంకోపాలి ఆడతాను."